అత్తగారికి సీరియస్, అల్లుడికి సైరన్

ఇంట్లోవాళ్ళకు ప్రాణం మీదికి వస్తే కూడా స్పీడ్ లిమిట్ బోర్డు చూసుకుంటూ కారు తోలేవాడు మనిషేనా? కానే కాదు! వాడికి కుటుంబమంటే లెక్కలేదు, బంధుత్వమంటే విలువ లేదు. ఫైన్ వెయ్యాల్సింది అలాంటివాడికి. దూసుకుపోయేవాణ్ణి మాత్రం పోలీసులు ఆపి, మెళ్ళో దండ వేసి, చేతిలో చల్లటి మజ్జిగ పెట్టి సాగనంపాలి!

ఇది పుదుచ్చేరి బజారులో స్టీలు పాత్రల కొట్టు నడిపే సీతాపతి గారి సిద్ధాంతం. సిద్ధాంతాలు అందరూ చెబుతారు. సీతాపతి ఆచరించి చూపించాడు. అదీ ఆయన గొప్పతనం.

ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడల్లా ఆయన కుటుంబంలో ఎవరో ఒకరు ఆపదలో పడేవారు. ఒకసారి బావమరిది మెట్ల మీంచి జారాడు. ఇంకోసారి పెద్దమ్మకు గుండె పట్టేసింది. ఆ పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది, అది వేరే సంగతి. ఒకరోజు సమయానికి ఎవరూ గుర్తుకు రాక, తనకే నొప్పులు వస్తున్నాయని చెప్పేశాడు. ఏం నొప్పులని పోలీసు అడగలేదు. దారి వదిలాడు.

మీరే చెప్పండి, ఇందులో ఎవరికి నష్టం? పోలీసుకు పుణ్యం దక్కింది. సీతాపతికి సమయం కలిసొచ్చింది. ఆపదలో పడ్డవాళ్ళంతా సాయంత్రానికల్లా లేచి తిరుగుతున్నారు. ఇంతమందికి మేలు చేసే అబద్ధాన్ని అబద్ధం అనడానికి మనకు నోరెలా వస్తుంది!

ఆ రోజు పుదుచ్చేరి పక్కనున్న ఏంబలంలో ఆయన చిన్నాన్న కొడుకు రఘునాథన్ కొత్త ఇంటి గృహప్రవేశం. భార్య ప్రేమ పొద్దున్నే వెళ్ళిపోయింది. అత్తగారు మంగళమ్మ మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయింది. సీతాపతి కొట్లో బేరం తెమిలేసరికి భోజనాల వేళయింది. రఘునాథన్ పిలిపించిన వంటమనిషి చేసే బాదం హల్వా మొదటి బంతికే చాలదని ఆయనకు బాగా తెలుసు. రెండో బంతిలో కూర్చుంటే ఆకులో హల్వా వాసన మాత్రమే పడుతుంది. ఇది కుటుంబానికి సంబంధించిన అత్యవసరం కాదంటారా?

పట్టుపంచె కట్టాడు, నుదుట చందనం పెట్టాడు, కారెక్కాడు. ఆ తర్వాత కారు నేల మీద నడిచినట్టు చూసినవాళ్ళెవరూ చెప్పలేదు.

ఇందిరాగాంధీ విగ్రహం దగ్గర పోలీసు ఎర్ర టోపీ అడ్డం వచ్చింది.

టోపీ కింద ఉన్నది ఎస్సై వేల్మురుగన్. చిన్న వయసు, మెత్తటి మనసు. పోయిన వారం ఆయన ఒక మోటార్ సైకిల్ వాణ్ణి ఆపి, బండి కాగితాలన్నీ తీరిగ్గా చూశాడు. అతను నిజంగానే తండ్రికి మందు తీసుకుపోతున్నాడని తర్వాత తెలిసింది. తండ్రి బతికాడు గానీ, పైఆఫీసరు వేల్మురుగన్‌కు గట్టిగా తలంటాడు. "మానవత్వంతో డ్యూటీ చెయ్యవయ్యా!" అన్నాడు. అప్పట్నుంచి ఆయన మానవత్వం చూపించడానికి ఒక మనిషి కోసం రోజూ రోడ్డు మీద వెతుకుతున్నాడు.

దొరికాడు!

"సార్, ఫ్యామిలీ ఎమర్జెన్సీ!" అన్నాడు సీతాపతి తమిళంలో, అద్దం దించుతూనే.

"అయ్యో, ఎవరికి సార్?"

ఇప్పుడు ఎవరి వంతు? సీతాపతి ఒక్క క్షణం తడుముకున్నాడు. "మా అత్తగారికి. చాలా సీరియస్."

వేల్మురుగన్ ఆయన పంచె వైపు చూశాడు. "ఈ పట్టుబట్టలు?"

"పూజలో కూర్చోనుండా సార్. ఫోన్ వచ్చింది. అట్లే లేచొచ్చేసినా."

"యాడ చేర్చినారు?"

"కదిర్కామం పెద్దాసుపత్రిలో."

ఆ మాటతో ఎస్సై కళ్ళు చెమర్చాయి. "సార్, మీరు పోతా ఉండేది ఏంబలం దారి. అత్తగారి మీద బెంగతో దారి కూడా తెలీకుండా పోయింది మీకు. ఇట్లాంటి స్థితిలో మీరు బండి తోలకూడదు. పక్కకు జరగండి!"

సీతాపతి ఏదో అనబోయేలోపే వేల్మురుగన్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ముందు మోటార్ సైకిల్ మీద ఒక కానిస్టేబుల్ సైరన్ మోగించాడు. కారు ఏంబలానికి వీపు తిప్పి కదిర్కామం వైపు ఎగిరింది!

అలాంటి సవారీ ఆ ఊళ్ళో మామూలు మనుషులకు దక్కేది కాదు. బస్సులు ఒదిగి నిలబడ్డాయి. లారీలు పక్కకు తప్పుకున్నాయి. సిగ్నల్ దగ్గర టూరిస్టులు ఫోటోలు తీసుకున్నారు. అరటిపళ్ళ బండి అతను దండం కూడా పెట్టాడు. జీవితమంతా రోడ్డు ఖాళీ కావాలని కోరుకున్న సీతాపతి, ఆ రోజు మాత్రం ఒక్క ఎర్ర లైటైనా పడకూడదా దేవుడా అని మొక్కుకున్నాడు. పడితే దిగి పారిపోవచ్చు కదా!

"అత్తగారి దగ్గర ఎవరుండారు సార్?" అన్నాడు వేల్మురుగన్. "ఫోన్ చేసి చెప్పండి, వస్తా ఉండామని. ధైర్యంగా ఉంటారు."

సీతాపతికి మెరుపులా ఒక ఉపాయం తట్టింది. అత్తగారినే ఆసుపత్రికి రప్పిస్తే? ఎస్సైకి తెలుగు రాదు. తెలుగులో చెబితే సరి!

ఫోన్ మోగగానే మంగళమ్మ ఎత్తింది. అప్పుడు తెలిసొచ్చింది సీతాపతికి, తమ ఇంటి తెలుగులో తెలుగెంతో. ఆసుపత్రి అనబోతే అది తమిళంలోనూ ఆస్పత్రే. కదిర్కామం ఏ భాషలోనైనా కదిర్కామమే. పోలీస్, సీరియస్, అర్జెంట్, ఏది పలికినా పక్కనున్నవాడికి తెలిసిపోతుంది. చుట్టూ తిప్పి చెప్పడం తప్ప దారి లేదు.

"అత్తా, మీ తమ్ముడికి ఆ పొద్దు కడుపు కోసిన చోటు ఉండాదే, ఆడికే నేను పోతా ఉండా. మీరు బిరబిరా రండి. వచ్చి పండుకోవాల. మీరొస్తేనే నాకు గతి!"

ఆ మాటల మీద సైరన్ ఊళపెట్టింది. అటువైపు మంగళమ్మ చెవిలో పడినవి మూడే ముక్కలు. 'కడుపు కోసిన', 'నేను పోతా ఉండా', 'మీరొస్తేనే గతి'.

సైరన్ వినబడుతూ ఒక మనిషి 'నేను పోతా ఉండా' అంటే ఎవరైనా ఏమనుకుంటారు?

మంగళమ్మ చేతిలోని మునగాకు నేల మీద పడింది. చెప్పులు వేసుకోలేదు. తలుపు వేసిందో లేదో ఆమెకే తెలీదు. అల్లుడి బీపీ మాత్రలు ఒక చేత్తో, వేణ్ణీళ్ళ ఫ్లాస్కు ఒక చేత్తో పట్టుకుని వీధి చివర ఆటో గణేశన్ ముందు నిలబడింది.

"గణేశా, మా అల్లుడి కడుపు కోసేసినారంట! కదిర్కామం పెద్దాసుపత్రికే తీసకపోయుంటారు, పోనీ నాయనా!"

గణేశన్ ఆటో కూడా ఎగిరింది. కానీ కారు ఎగరడం వేరు, ఆటో ఎగరడం వేరు. ఆసుపత్రికి ఇంకాస్త దూరం ఉందనగా ముసలి కానిస్టేబుల్ వీరాసామి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంది ఆ వేగం?"

"అయ్యా, మా అల్లుడికి చావుబతుకులు!"

వీరాసామి పకపకా నవ్వాడు. "ఇప్పుడే వైర్‌లెస్‌లో విన్నా, ఒక అల్లుడు అత్తకు సీరియస్ అని సైరన్‌తో పోయినాడు. ఇప్పుడు అల్లుడికి సీరియస్ అని అత్త వచ్చిందా? ఒకే పూటలో ఎన్ని చూడాల తల్లీ నేను? గణేశా, దిగు. లైసెన్సు తియ్యి, ఇన్సూరెన్సు తియ్యి."

"కాగితాలు తర్వాత చూడండి సార్, ఆమెను దించేసి వస్తా!" అన్నాడు గణేశన్.

"అందరూ ఇదే చెప్తారు."

మంగళమ్మ ఆటో దిగి నడవడం మొదలుపెట్టింది. పట్టుమని వీధి చివరిదాకా నడవలేని మోకాళ్ళు, ఎండలో, కాలే తారు మీద!

ఇక్కడ ఆసుపత్రిలో వేల్మురుగన్ సీతాపతి చెయ్యి పట్టుకుని దాదాపు ఈడ్చుకుపోతున్నాడు. "మంగళం అనే పేషెంట్ యాడ?" అని దారిలో సీతాపతి చెప్పిన పేరుతో నర్సును అడిగాడు.

అలాంటి పేరే లేదని చెబుతారు, కడుపులో తిప్పుతోందని చెప్పి బాత్‌రూమ్ కిటికీలోంచి దూకేద్దామని సీతాపతి సిద్ధమయ్యాడు. పంచె కూడా ఎగ్గట్టాడు.

"మంగళమా? ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం," అంది నర్సు.

ఉంది! కాలికి పిండికట్టుతో ఒక బక్కపల్చని ముసలమ్మ. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. చూడ్డానికి ఎవరూ వచ్చినట్టు లేదు. పట్టుపంచె అలికిడి విని ఆమె ముఖం విప్పారింది.

"అల్లుడా? వచ్చినావా నాయనా?" అంది తమిళంలో. "కమలాపండు ఒలిచి పెడతావా?"

ఏం చేస్తాడు? సీతాపతి మంచం పక్కన కూర్చుని కమలాపండు ఒలిచాడు. గింజలు తీశాడు. ఒక్కొక్క తొన నోట్లో పెట్టాడు. ఆ ముసలమ్మ ఆయన చెయ్యి వదల్లేదు. వేల్మురుగన్ ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. "ఇట్లాంటి అల్లుళ్ళు ఇంకా ఉండారు!" అన్నాడు వార్డంతా వినబడేట్టు. పక్క మంచాల వాళ్ళు తమ అల్లుళ్ళను తలుచుకుని ముక్కులు చీదారు.

సరిగ్గా అప్పుడు, సైరన్‌తో వచ్చిన మనిషెక్కడని అందర్నీ అడుక్కుంటూ వచ్చి, గుమ్మంలో మంగళమ్మ కనబడింది.

జుట్టుముడి ఊడింది. కాళ్ళకు చెప్పుల్లేవు. ఫ్లాస్కు మాత్రం పదిలంగా ఉంది. ఆమె ఎవర్నీ చూడలేదు. నేరుగా వచ్చి సీతాపతి చొక్కా పైకెత్తి పొట్ట తడిమింది.

"యాడ కోసినారు? యాడ నాయనా? చెప్పు!"

పొట్ట పుట్టినప్పటిలాగే నున్నగా ఉంది. సీతాపతి చొక్కా కిందికి లాక్కున్నాడు. పోలీసుకు చెప్పడానికి వెయ్యి మాటలు ఉండేవి ఆయన దగ్గర. ఈమెకు చెప్పడానికి ఒక్కటీ దొరకలేదు.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు వేల్మురుగన్.

"నేను వీళ్ళ అత్తను. పేరు మంగళం."

"మరి ఈమె?"

"నేనూ మంగళమే," అంది మంచం మీది ముసలమ్మ, తొన నములుతూ.

వేల్మురుగన్ సెల్‌ఫోన్ మెల్లగా కిందికి దించాడు.

ఆయన ఏదో అనేలోపే మంగళమ్మ మోకాళ్ళు మడతపడ్డాయి. నర్సు పరుగున వచ్చి పట్టుకుంది. బీపీ చూసి, "ఇంత బీపీతో ఎండలో నడిచొచ్చినారా? ఎవరు నడిపించినారు మిమ్మల్ని?" అని కేకలేస్తూ పక్క మంచం మీద పడుకోబెట్టింది. డాక్టరు వచ్చి మాత్ర ఇచ్చాడు, ప్రాణానికేం భయం లేదని, సాయంత్రం దాకా కదలొద్దని చెప్పాడు. అల్లుడి కోసం తెచ్చిన ఫ్లాస్కు నీళ్ళతోనే ఆమె ఆ మాత్ర మింగింది.

సీతాపతి రెండు మంచాల మధ్య నిలబడ్డాడు. ఫోన్ మోగింది. ప్రేమ.

"యాడుండారు? రెండో బంతి వాళ్ళు కూడా లేచేసినారు!"

"అత్తకు ఒంట్లో బాలేదు. ఆసుపత్రిలో ఉండాం," అన్నాడు సీతాపతి.

"నాతోనా ఈ కథలు?" అని ప్రేమ ఫోన్ పెట్టేసింది.

వేల్మురుగన్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని సీతాపతికి అనిపించింది. ఆయన టోపీ తీసి, మంగళమ్మ మంచం అంచున కూర్చున్నాడు.

"ఆటోలో రాలేదా అమ్మా?"

"వచ్చినా. మీవాళ్ళు ఆపేసినారు. నిజమే చెప్పినా. నమ్మలేదు."

ఎస్సై సీతాపతి వైపు తిరిగాడు. "పోయిన వారం నిజం చెప్పినవాణ్ణి ఆపినా సార్. ఈ వారం అబద్ధం చెప్పినవాణ్ణి సైరన్‌తో మోసుకొచ్చినా. మా వీరాసామి అన్న నిజం చెప్పిన తల్లిని నడిపించినాడు. రేపు ఇంకొకడు వచ్చి ఎమర్జెన్సీ అంటే నేనేం చెయ్యాల? మీరు పెద్దవాళ్ళు, చెప్పండి."

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. సీతాపతి చెయ్యి చాపి, వేగానికి రాసిన చలానా తీసుకుని సంతకం పెట్టాడు. గణేశన్ ఆటోను వదిలెయ్యమని ఎస్సై ఫోన్ చేశాడు.

ఎండ తగ్గాక మంగళమ్మను ఇంటికి పంపారు. వెళ్ళే ముందు ఆమె పక్క మంచం వైపు చూసి, "ఈమెకు రేపటి నుంచీ రసం అన్నం నువ్వే తీసకరావాల," అని అల్లుడికి చెప్పింది. అది శిక్షో, వరమో సీతాపతికి తెలియలేదు గానీ, తల ఊపాడు.

వేల్మురుగన్ ఆమెను స్టేషన్ నుంచి రప్పించిన జీపులో కూర్చోబెట్టి, సైరన్ లేకుండా, ఆమెకు కుదుపు తగలకుండా నిదానంగా పోనిచ్చాడు. వెనకాల సీతాపతి కారు. ఆ వెనక, మరి చెప్పాలా, సగం పుదుచ్చేరి! హారన్లే హారన్లు. ఇరుకు రోడ్డులో ఒక స్కూటర్ వాడు మాత్రం ఆపకుండా కొడుతూ కారు పక్కకు దూరాడు. వెనక సీట్లో ఒకామె చంటిపిల్లను గుండెకు అదుముకుని కూర్చుంది.

సీతాపతి అద్దం దించి తల బయట పెట్టాడు. "ఏందయ్యా ఆ తొందర?"

"ఫ్యామిలీ ఎమర్జెన్సీ సార్!"

సీతాపతి ఒళ్ళు మండిపోయింది. "అబద్ధం!" అని అరిచాడు. "సార్, ఎస్సై సార్! ఆపండి వీణ్ణి! అంతా అబద్ధం! నాకు తెలుసు వీళ్ళ సంగతి!"

జీపు ఆగింది. వేల్మురుగన్ దిగాడు. విజిల్ చేతిలో ఉంది. నోట్లో పెట్టుకోవాలో, జేబులో పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు.

"పోనీ నాయనా," అంది మంగళమ్మ జీపులోంచి. "నంబరు చూసి పెట్టుకో. ముందు పోనీ. రేపు వాళ్ళింటికి పోయి అడుగు."

స్కూటర్ వెళ్ళిపోయింది. మర్నాడు వేల్మురుగన్ నంబరు పట్టుకుని వెతుక్కుంటూ ఆ ఇంటికి వెళ్ళాడు. పిల్ల ముక్కులో చింతగింజ పెట్టుకుందట. డాక్టరు తీశాడు, పిల్ల బొమ్మతో ఆడుకుంటోంది. వాళ్ళు ఆయనకు కాఫీ ఇచ్చారు.

సీతాపతి మాత్రం ఆ కబురు ఇప్పటికీ నమ్మలేదు. వీధిలో ఎవరు వేగంగా పోయినా, "వాడి ఇంట్లో ఏమీ జరగలేదు, రాసిస్తా," అని తేల్చేస్తాడు.

అంత గట్టిగా చెబుతున్నాడంటే మనం ఎలా కాదనగలం? ఈ విషయంలో ఆయనకున్నంత అనుభవం ఊళ్ళో ఇంకెవరికుంది!