ఆనిస్ అక్క ఆవు పాట

పాటలను నిషేధించడం కంటే జనానికి మేలు చేసే పని ఇంకొకటి లేదని ఘంటాపథంగా చెబుతాను. నమ్మరా? ఇంగ్లండులో, ఎసెక్స్‌లోని మా ఊరినే చూడండి.

ట్రస్‌వెల్ పాదిరిగారు రాకముందు, ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, ఊరంతా పచ్చిక మీద చేరి మే నెల పండక్కి పాతిన స్తంభం చుట్టూ గంతులు వేసేది. బీరు తాగి, ఫిడేలు విని, పొద్దుగూకే వేళకు ఒకరి టోపీ ఇంకొకరు పెట్టుకుని ఇళ్లకు చేరేవాళ్లం. ఎంత సిగ్గుచేటు! పక్కింట్లో ఏం జరుగుతోందో పట్టించుకునే తీరికే ఉండేది కాదు.

పాదిరిగారు వచ్చీ రాగానే స్తంభాన్ని నరికించారు. ఫిడేలు పొయ్యిలోకి పోయింది. క్రిస్మస్ పిండివంట పాపమైంది. నవ్వు సంగతి ఇంకా పరిశీలనలో ఉంది. ఇప్పుడు ఆదివారం పొద్దున ఒక ప్రసంగం, సాయంత్రం ఒక ప్రసంగం. మధ్యలో ఏం చెయ్యాలి? కంచె సందులోంచి పక్కింటివాళ్లను చూస్తూ కూర్చోవాలి.

ఎంత లాభం కలిగిందో చూడండి. పూర్వం వెన్న పడకపోతే చిలికే చెయ్యి బద్ధకపుదనుకునేవాళ్లం. అమాయకులం! ఇప్పుడు అసలు కారణం తెలిసింది. మా తాతల నాటి నుంచీ ఒక్క మంత్రగత్తె దొరకని ఊళ్లో ఏడాదికొకరు దొరుకుతున్నారు. వెన్న మాత్రం ఇంకా సరిగ్గా పడడం లేదు.

ఈ ఏడాది దొరికిన మంత్రగత్తె మా అక్క ఆనిస్.

అక్క ఆవుకు ఒక చెడ్డ అలవాటుంది. పాట వింటే గాని పాలు చేపదు. పాదిరిగారి మాట కాదనలేక అక్క దావీదు కీర్తనలు పాడి చూసింది. ఆవు రెండు కీర్తనలు ఓపిగ్గా విని, మూడోదానికి బకెట్టు తన్నేసింది. చేసేది లేక అక్క పాత పాటనే ఎవరికీ వినబడకుండా గొణగడం మొదలుపెట్టింది. కంచె అవతలి మార్గరీ పాస్క్ అది చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మీ అక్క పెదాలు కదులుతున్నాయి, మాట వినబడట్లేదు. ఆవేమో కట్టేసినట్టు నిలబడిపోయింది. ఒళ్లు జలదరించిందయ్యా నాకు."

"అది పాట వదినా. నువ్వూ పాడేదానివిగా."

"నేనా? నేనెప్పుడు పాడాను? నీకు పుణ్యముంటుంది, నన్ను ఇందులోకి లాగకు."

గురువారం అక్కను చేతులు కట్టి చర్చిలో నిలబెట్టారు. అనుమానం బలపడితే శనివారం మిల్లు చెరువులో పడేస్తారు. నీళ్లలో తేలితే మంత్రగత్తె, ఉరి. మునిగితే నిర్దోషి, ఊపిరి మిగిలితే పైకి లాగుతారు.

"ఆవు దగ్గర గొణిగింది పాత పాటేనంటోంది, మునుపు విన్నవాళ్లు ఉన్నారా?" అని పాదిరిగారు అడిగారు.

అందరం నేల చూశాం. చర్చిలో కీర్తనలు ఎత్తుకునే ఉద్యోగం నాది, నేను మరింత శ్రద్ధగా చూశాను. ఆ పాట మా ఇద్దరికీ మా అమ్మ నేర్పింది.

"అయితే పాడి వినిపించు," అన్నారాయన.

"ఎలా పాడమంటారయ్యా? మెల్లగా పాడితే మంత్రమంటారు, గట్టిగా పాడితే పాపమంటారు."

"గట్టిగానే పాడు."

అక్క పాడింది. ఆ పాటలో చరణం చివర మూడు చప్పట్లు ఉంటాయి. అక్క చేతులు కట్టేసి ఉన్నాయి గనక ఆమె కొట్టలేదు. ఊరు కొట్టింది. బల్లల మీదున్న ప్రతి ఒక్కరూ, తాళం తప్పకుండా, మూడుసార్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మార్గరీ. పాదిరిగారి చేతులు కూడా కలిశాయి. దోమను కొట్టానని ఆయన తర్వాత సెలవిచ్చారు. దోమలు మూడు కాబోలు.

ఊరంతా పట్టేంత పెద్దది కాదు మా మిల్లు చెరువు. తర్వాత కట్లు విప్పి అక్కను ఇంటికి పంపేశారు. నిషేధం మాత్రం అలాగే ఉంది. ఉండాల్సిందే, నాకేమీ ఫిర్యాదు లేదు.

కాకపోతే, పోయిన ఏడాది ముసలి సిస్లీ హబ్బిన్‌ను కూడా, రాట్నం దగ్గర ఏదో గొణుగుతోందని, అదే చోట నిలబెట్టాం. మార్చిలో ఉరి తీశారు. ఆమెను పాడి వినిపించమని ఎవరూ అడగలేదు.