పక్కింట్లో ఒక గ్లాసు వైన్

బుధవారం ఉదయం హార్వే థర్టెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు కంచె మొక్కలు కత్తిరించాలి. ఆ తరువాత చాపెల్ వీధికి వెళ్ళి ఒక రెస్టారెంటులో మధ్యాహ్న భోజనం చేసి రావాలి.

"ఇంట్లో సూప్ ఉంచుకుని హోటలెందుకు?" అంది భార్య బెరిల్.

"తినడానిక్కాదు బెరిల్. పరిశీలనకి."

థర్టెల్ డ్రైవింగ్ పరీక్షాధికారిగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగమున్నన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చుని, గుబురు మీసం కింద పెదవి విప్పకుండా మనుషుల్ని ఫెయిల్ చేశాడు. ఆ తరువాత మార్ల్‌హామ్ ఊరి జనం ఆయన్ను కౌన్సిలర్‌గా ఎన్నుకుంటే, కౌన్సిల్ ఆయన్ను మద్యం లైసెన్సులు విచారించే ముగ్గురిలో ఒకరిగా వేసింది. మర్నాడే ఆయన మొదటి విచారణ. చాపెల్ వీధిలోని ‘క్రాబ్ పాట్’ రెస్టారెంటు, భోజనంతోపాటు వైన్ అమ్ముకోవడానికి అనుమతి అడిగింది.

"మీ కౌన్సిల్ లాయరమ్మ మిస్ ప్రయర్ చెప్పింది కదా, విచారణకి ముందు ఒంటరిగా వెళ్ళి వాసన చూడొద్దని."

"చూడొద్దంది. తినొద్దనలేదు."

విచారణ కాగితాలు బల్లమీద విప్పకుండానే ఉన్నాయి. కాగితాలు సాయంత్రం చదవచ్చు, ముందు కళ్ళతో చూడాలి అన్నది ఆయన పద్ధతి.

చాపెల్ వీధి చివర రెండు ఇళ్ళు ఆనుకుని ఉన్నాయి. రెండింటి తలుపులకూ ఒకటే నీలం, పడవలకు వేసే రంగు. బోర్డు ఎక్కడా లేదు. రంగులు వేయించడానికి రెస్టారెంటు వాళ్ళు దాన్ని దించి పంపారన్న సంగతి థర్టెల్‌కు తెలియదు. ఒక తలుపు మూసి ఉంది. రెండోది తెరిచి ఉంది, ముందు నల్లకోటు వేసుకున్న ఒకాయన సిగరెట్ కాలుస్తున్నాడు.

"భోజనం ఇక్కడేనా?"

"ఇక్కడేనండి. లోపలికి నడవండి, అన్నీ పెట్టేశారు."

లోపల కిటకిటలాడుతోంది. అందరూ నల్లదుస్తుల్లో ఉన్నారు. కాస్త ఖరీదైన చోటే అనుకున్నాడు థర్టెల్. ఎవరో అమ్మాయి ఆయన కోటు అందుకుని మేడమీదికి తీసుకుపోయింది. నల్లగౌను వేసుకున్న ఒక పెద్దావిడ ఎదురొచ్చింది.

"ఒక్కరే వచ్చారా?"

"ఒక్కణ్ణేనండి."

"పాపం," అని ఆమె కిటికీ పక్క కుర్చీ చూపించింది. "మీకెలా తెలిసింది?"

"పత్రికలో ప్రకటన చూశాను."

లైసెన్సు కోరేవాళ్ళు పత్రికలో ప్రకటన వేయాలని నియమం. ఇందులో కళ్ళు తుడుచుకోవలసినదేమీ లేదు. కానీ ఆమె తుడుచుకుంది. "ప్రకటన చూసి వచ్చారా. టెడ్ ఎంత సంతోషించేవాడో."

యజమాని పేరు టెడ్ అన్నమాట. థర్టెల్ మనసులో రాసుకున్నాడు.

గుడ్డు శాండ్‌విచ్‌లు, సాసేజ్ రోల్స్, పీత మాంసం వచ్చాయి. ఆయన గొంతు తగ్గించి, అసలు పరీక్ష మొదలుపెట్టాడు. "కాస్త వైన్ దొరుకుతుందా?"

"దొరక్కపోవడమేమిటండీ."

గ్లాసు నిండా పోసింది. లైసెన్సు రాకముందే ఇంత ధైర్యమా అనుకుని, రుజువు గట్టిగా ఉండాలని థర్టెల్ రెండోది కూడా అడిగాడు. అదీ వచ్చింది.

"టెడ్ గారు కనబడరేం?"

"ఇందాకే సెయింట్ మార్గరెట్స్ చర్చిలో దింపి వచ్చాం."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

ఆమె సీసా బల్లమీద పెట్టింది. ఆయన భుజం మీద చెయ్యి వేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనక ఎవరో "ఇంకా నమ్మలేకపోతున్నాడు పాపం" అని గుసగుసలాడారు. అంతే, ఆయన చుట్టూ మనుషులు మూగారు. ఒకరు కేక్ ముక్క తెచ్చారు, ఒకరు మూడో గ్లాసు తెచ్చారు, ఒకాయన ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నేనెవరో పసిగట్టి కాకా పడుతున్నారు అనుకున్నాడు థర్టెల్. ఆయన ముఖం బిగిసింది.

"బిల్లు తెప్పించండి."

"బిల్లేమిటండీ," అన్నాడు చెయ్యి పట్టుకున్నాయన. "సముద్రంలో మనుషుల్ని కాపాడే లైఫ్‌బోట్ వాళ్ళకి చందాల డబ్బా పెట్టాం. మీకు తోచింది వేయండి."

అమ్మకం కాదట, విరాళమట. చట్టాన్ని దాటడానికి ఎంత తెలివి. వైన్ కూడా తలకెక్కిందేమో, పెద్దావిడ మళ్ళీ అటు రాగానే ఆయన ఆగలేకపోయాడు.

"అమ్మా, ఉన్నమాట చెబుతున్నా, ఏమీ అనుకోకండి. సాసేజ్ రోల్ చల్లబడిపోయింది. వైన్‌కి కొలతా పాడూ లేదు. మీ టెడ్ గారు రేపు దీనికంతటికీ జవాబు చెప్పుకోవాల్సొస్తుంది."

ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది. "రేపేమిటండీ. ఈపాటికి చెప్పుకుంటూనే ఉంటాడు."

అప్పుడే ఎవరో గ్లాసు మీద చెంచాతో కొట్టారు. టెడ్ గురించి నాలుగు మాటలు చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. చూపులన్నీ కిటికీ వైపు తిరిగాయి. సరే, అందరి ముందూ చెబుదామని థర్టెల్ లేచాడు. లేస్తూ పళ్ళెం జరిపాడు. పళ్ళెం కింద ఒక అట్ట ఉంది. దానిమీద నవ్వుతున్న ముసలాయన బొమ్మ, ఎడ్వర్డ్ లార్టర్ అన్న పేరు, పుట్టిన ఏడు, చనిపోయిన ఏడు.

థర్టెల్‌కు చెవులు వేడెక్కాయి. ముప్పై జతల కళ్ళు దయగా ఆయన్నే చూస్తున్నాయి. నోటికి తెలిసిన మాట ఒక్కటే వచ్చింది.

"టెడ్... చాలా మంచి డ్రైవరు."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"టెడ్‌కి జన్మలో లైసెన్సు రాలేదండి," అన్నాడు సిగరెట్ కాల్చినాయన మెల్లగా. "ఎన్నిసార్లు వెళ్ళినా ఎవడో మీసాలాయన ఫెయిల్ చేసేవాడు. చివరిదాకా సైకిలే."

థర్టెల్ అరచేత్తో మీసం కప్పుకున్నాడు. అలాగే కప్పుకుని, క్షమించండి క్షమించండి అంటూ, కోటు సంగతి కూడా మరిచి బయటపడ్డాడు.

"కోటేది?" అంది బెరిల్.

"తిన్నచోట మర్చిపోయా."

"ఎలా ఉంది తిండి?"

"బాగా చూసుకున్నారు," అన్నాడు ఆయన నేలకేసి చూస్తూ.

సాయంత్రం కాగితాలు విప్పాడు. రెస్టారెంటుకు వచ్చిన అభ్యంతరం ఒక్కటే. పక్కింటి ఎడ్వర్డ్ లార్టర్ రాసింది. ఇక్కడ మద్యం అమ్మితే తాగినవాళ్ళు దారితప్పి మా ఇంట్లోకి వస్తారు అని. ఆయన మరణించారనీ, భార్య ఐవీ వచ్చి మాట్లాడతారనీ కింద చేర్చి ఉంది. ఆ నల్లగౌను ఆవిడే.

జరిగింది చెప్పేయాలని థర్టెల్ మిస్ ప్రయర్‌కు ఫోన్ చేశాడు. ఆమె "చెప్పండి కౌన్సిలర్ గారూ" అనగానే ఊరికే దగ్గాడు.

"గొంతు నొప్పండీ," అన్నాడు.

"అయితే రేపు మాట్లాడకండి. వింటే చాలు."

మర్నాడు ఆయన బెరిల్ మఫ్లర్ ముక్కుదాకా చుట్టుకుని విచారణలో కూర్చున్నాడు. ఇంత జబ్బులోనూ వచ్చారని అధ్యక్షురాలు మిసెస్ డాసన్ అందరి ముందూ మెచ్చుకుంది. ఆ మెప్పు ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. ఎదురుగా రెస్టారెంటు నడిపే రోవెనా వేళ్ళు నలుపుకుంటూ కూర్చుంది. ఐవీ లార్టర్ ఒడిలో ఒక సంచి పెట్టుకుని వచ్చింది.

"మా ఆయన అన్నట్టే అయిందమ్మా," అంది ఐవీ. "నిన్న ఆయన్ని సాగనంపి వచ్చాం. ఎవరో పరాయి మనిషి తిన్నగా వచ్చి కూర్చున్నాడు. వైన్ అడిగాడు. మళ్ళీ అడిగాడు. బిల్లు తెమ్మన్నాడు. రోల్ చల్లబడిందన్నాడు."

"అంత్యక్రియల రోజునా?" మిసెస్ డాసన్ కళ్ళజోడు తీసింది. "ఎంత సిగ్గులేని మనిషి. థర్టెల్ గారూ, మీరేమంటారు?"

మఫ్లర్ పైకీ కిందికీ ఊగింది.

"పోతూ ఇది వదిలిపోయాడు," అని ఐవీ సంచిలోంచి కోటు తీసి బల్లమీద పెట్టింది.

మిసెస్ డాసన్ రోవెనా వైపు తిరిగింది. "లైసెన్సు లేనప్పుడే మీ హోటల్ని వెతుక్కుంటూ ఇలాంటి తాగుబోతులొస్తున్నారు. ఇస్తే ఈ వీధి ఏమైపోతుంది?"

"ఆయనెవరో నాకు తెలీదండి," అంది రోవెనా. "మా పీతలు తిని చూడండి, ఒక్కసారి. మేం అలాంటివాళ్ళం కాదు."

థర్టెల్ ఆ పిల్ల ముఖం చూశాడు. పరీక్ష పాడైందని తెలిసి స్టీరింగ్ పట్టుకుని కూర్చునేవాళ్ళ ముఖాలు అలాగే ఉండేవి. అప్పట్లో ఆయన కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఇక్కడ కిటికీ వీపు వెనక ఉంది. ఆయన లేచి మఫ్లర్ విప్పాడు.

"ఆ కోటు నాది. ఆ అమ్మాయి తప్పేం లేదు. హోటలనుకుని ఈవిడ ఇంట్లోకి వెళ్ళింది నేను. గొంతు నొప్పి కూడా అబద్ధమే."

మిస్ ప్రయర్ కళ్ళు మూసుకుంది. మిసెస్ డాసన్ తన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, చూసి, మళ్ళీ తీసేసింది. ఐవీ మాత్రం కదల్లేదు.

"తెలుసు. నిన్న మీసం మూసుకున్నప్పుడే టెడ్‌ని ఫెయిల్ చేసినాయన మీరేనని తెలిసింది, ఇవాళ మఫ్లర్‌లోనూ పోల్చుకున్నా. ఎప్పుడు లేస్తారా అని చూస్తున్నా." ఆమె అధ్యక్షురాలి వైపు తిరిగింది. "అమ్మా, మా ఆయన అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా. పక్కన సరైన వైన్ దొరికుంటే ఈయన అక్కడికే పోయేవాడు. ఆ పిల్లకి లైసెన్సిచ్చేయండి. నా ఇల్లు నాకు మిగులుతుంది."

థర్టెల్‌ను బయటికి పంపారు. ఆయన కుర్చీలో ఇంకో కౌన్సిలర్‌ను కూర్చోబెట్టి, సాయంత్రంలోగా బోర్డు తగిలించాలన్న షరతు మీద రోవెనాకు లైసెన్సు ఇచ్చారు. ఐవీ బయటికొచ్చేసరికి ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు. ఆమె కోటు అందించింది.

"రోల్ నిజంగానే చల్లగా ఉందా?"

"లేదమ్మా. బాగుంది."

"చల్లగానే ఉంది. నేనూ తిన్నా." ఆమె ఖాళీ సంచి మడిచింది. "ఇంతకీ టెడ్ ఎందుకు ఫెయిలయ్యేవాడు? అడిగితే నవ్వేవాడు గాని చెప్పేవాడు కాదు."

థర్టెల్ కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకునేదాకా ఆలోచించాడు. "నాకు గుర్తులేదండీ," అన్నాడు చివరికి. ఆ రెండు రోజుల్లో ఆయన అన్న మాటలన్నిట్లోకీ దానికే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

ఐవీ తల ఊపి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మరుసటి నెల కౌన్సిల్ ఆయన్ను పార్కు బెంచీల కమిటీకి మార్చింది. అక్కడ ఆయన మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదే వచ్చింది.