అవ్వ తల ఊపింది

ఆ ఉదయం తిమోఫెయ్ పెట్టుకున్న పనులు రెండే: తడిసిన కాలిగుడ్డలు ఆరబెట్టుకోవడం, డైరీ రాసుకోవడం. టర్కీవాళ్లతో యుద్ధానికి వచ్చిన రష్యన్ సిపాయి డైరీ అంటే ఫిరంగుల మోతే ఉంటుందనుకుంటారు గానీ, అతని డైరీ నిండా గంజి, బురద, పేలు.

బస ఒక బల్గేరియా పల్లెలో, రాద్కా అవ్వ ఇంట్లో. పొయ్యి చల్లారిపోయింది. కొట్టంలో పాత కొయ్యలేవో విప్పి పేర్చి ఉన్నాయి.

"అవ్వా, ఇవి పొయ్యిలో పెట్టనా?"

అవ్వ పళ్ల మధ్య దారం పట్టుకుని అతని చొక్కాకే మాసిక వేస్తోంది. నోరు విప్పకుండా తల పైకీ కిందికీ గట్టిగా ఊపింది. ఎంత మంచి మనసో అనుకుంటూ అతను గొడ్డలి తీశాడు.

మొదటి కొయ్య మంటలో పడేసరికి అవ్వ బావురుమంది.

"కోపమొచ్చిందా అవ్వా?"

వెక్కుతూనే ఆమె తల అడ్డంగా ఊపింది. కోపం లేదన్నమాట, పొగకి కళ్లు మండి ఉంటాయి. రెండోదీ నరికాడు. మూడోది నరుకుతుండగా హవల్దారు సావెలీ వచ్చాడు.

"ఒరేయ్ మొద్దూ! ఇక్కడివాళ్లు నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే ఔనని! నువ్వు తగలెట్టింది ఆవిడ మగ్గంరా! మనకి చోటివ్వడానికే విప్పి పెట్టుకుంది."

"ముందే చెప్పొద్దూ?"

"చెప్పాను కదరా! అర్థమైందా అంటే తల ఊపావు!"

తిమోఫెయ్ డైరీ మానేసి, దొరికిన కర్రలతో కొత్త మగ్గం కట్టాడు. అది ఒక పక్కకి ఒరిగే నిలబడింది. అవ్వ దాన్ని తడిమి చూసింది. ఆ పూట "రొట్టె పెట్టనా నాయనా?" అంటే, అతను ఈసారి ఊరి పద్ధతిలో తల అడ్డంగా ఊపాడు. అవ్వ రొట్టె తీసి లోపల దాచేసింది. పాపం, ఆవిడా అతని కోసం రష్యన్ల ఊపు నేర్చుకుంది!

మర్నాడే కదలమని ఆజ్ఞ. డప్పుల మోతలో, వరుసలోంచి మెడ తిప్పి అరిచాడు.

"అవ్వా! నన్ను మన్నించావా?"

కంచె దగ్గర అవ్వ తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. అడ్డంగా, చాలాసేపు. తన పద్ధతిలోనా, అతని పద్ధతిలోనా? వెనక్కి వెళ్లబోతే సావెలీ వీపుమీద ఒక్కటి చరిచి, "నడవరా!" అన్నాడు.

ఆ సాయంత్రం తిమోఫెయ్ డైరీ తెరిచి రాశాడు: "గంజి. బురద. అవ్వ స్పష్టంగా జవాబిచ్చింది."