పెడన మూటల ఆచూకీ

పెడనలో చేనేత గుడ్డ నిల్వలు రెట్టింపయ్యాయని 2006 వేసవిలో ప్రభుత్వం సగర్వంగా ప్రకటించింది. ఆ నెలల్లో ఊళ్లో సగం మగ్గాలకు సరిగ్గా నూలు అందనే లేదు. నేయకుండానే గుడ్డ పెరగడం శాస్త్ర విజ్ఞానం సాధించిన అద్భుతమే గాని, అందులో ఎవరి తప్పూ లేదని ముందే మనవి చేసుకుంటున్నాం.

ఈ ఘనత ఒక వైర్‌లెస్ మిషనుది. ప్రతి గుడ్డల మూటకూ ట్యాగ్ అనే చిన్న బిళ్ల అంటిస్తారు. గోడౌన్‌లో రీడర్ అనే పెట్టె బిగిస్తారు. పెట్టె పిలుస్తుంది, ట్యాగులు పలుకుతాయి, ఏ మూట ఎక్కడుందో హైదరాబాదులో తెర మీద కనిపిస్తుంది. మనుషులు లెక్కపెడితే తప్పులు వస్తున్నాయని, ఆ బాధ్యత కూడా మిషనుకే అప్పగించారు.

అక్కడ రెండు సహకార సంఘాలకు ఒకటే గోడ. పూర్వం సంఘమూ ఒకటే. అధ్యక్ష పదవి దగ్గర శోభనాద్రి గారికీ, ఆయన బావమరిది ఈశ్వరప్రసాద్ గారికీ మాటామాటా పెరిగి, గోడౌన్ మధ్యలో గోడ లేచింది. ఒక పక్కది నేతలక్ష్మి సంఘం, రెండో పక్కది అసలైన నేతలక్ష్మి సంఘం. మాటలు లేకపోయినా గోడకు కిటికీ మాత్రం ఇద్దరూ కలిసి పెట్టించుకున్నారు. తనిఖీ అధికారి ఇటు వస్తే అటు మూటలన్నీ కిటికీలోంచి ఇటొచ్చేవి. ఆయన కాఫీ తాగి అటు నడిచేలోగా ఇటువీ కలుపుకొని అటు వెళ్లేవి. అంతటి ఐకమత్యం విడిపోని కుటుంబాల్లో కూడా అరుదు. అధికారులు కూడా ఆ మర్యాద గమనించి కాఫీ నెమ్మదిగానే తాగేవారు.

రీడర్‌ను తలుపు దగ్గర పెడదామని కంపెనీ వారు అన్నారు. వాస్తు ప్రకారం ఈశాన్యంలోనే ఉండాలని శోభనాద్రి గారు పట్టుబట్టారు. ఆయన గోడౌన్ ఈశాన్యం మూల సరిగ్గా ఆ ఉమ్మడి గోడకే ఆనుకుని ఉంది. అక్కడ కొబ్బరికాయ కొట్టి పూజ చేశారని విని ఈశ్వరప్రసాద్ గారు అలిగారు.

"మా బావ మిషను కంటే మాది పిసరంత తగ్గినా ఊరుకోనండీ. పవరు ఎంత పెరుగుద్దో అంతా పెంచండి" అన్నారు.

పెంచారు. ఆ తరంగాలకు ఇటుక గోడ ఒక లెక్క కాదు. రెండు పెట్టెలూ రెండు గోడౌన్ల మూటల్నీ పిలిచాయి. పిలిచిన ప్రతిసారీ మూటలు వినయంగా పలికాయి. కిటికీ శ్రమ తప్పింది, రెండు సంఘాలకూ ఆదర్శ సంఘం జ్ఞాపికలు వచ్చాయి. ఇంత గుడ్డ ఉండగా ఇంకా నూలెందుకని పైవారు నూలు పూర్తిగా ఆపేశారు.

కొన్నాళ్లకు ఒకే మూట ఒకే సమయంలో రెండు చోట్ల కనిపిస్తోందని హైదరాబాదులో ఎవరికో అనుమానం వచ్చింది. అలాంటి అనుమానాలు వచ్చేవారు ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. మిషను గురి సరిచేయమని కంపెనీ గుడివాడ ఇంజనీరు మోహనకృష్ణను పంపింది. అతను నేతపని చేసే రామలక్ష్మి ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాడు. వెనక గదిలో ఆమె మగ్గం ఖాళీగా ఉంది. అయినా ఆమె రోజూ అతనికి అన్నం పెట్టేది. ఆ అన్నం తినాలంటే అతనికి సిగ్గుగా ఉండేది.

"మీ మిషనుకి గోడ కనపడట్లేదంట గదా బాబూ" అందామె ఒకరోజు. "ఆ గుడ్డేదో అక్కడ లేదని దాని చేత ఓ మాట చెప్పిస్తే మాకు నూలొచ్చిద్ది."

"ఆ పని మీదే ఉన్నాను పిన్నిగారూ. త్వరలోనే మీ మగ్గం ఆడుతుంది, చూడండి."

మాట ఇచ్చాక మోహనకృష్ణ నడుం బిగించాడు. గోడౌన్ స్తంభాలన్నిటికీ ట్యాగులు అంటించాడు. స్తంభం ఎక్కడికీ పోదు కనుక, ఏ మూట సంకేతం ఏ స్తంభం సంకేతంలా వస్తే ఆ మూట ఆ స్తంభం పక్కన ఉన్నట్టు లెక్క. పవరు తగ్గించాడు. ఈశాన్యం పెట్టెను కదపనివ్వకపోతే, దాన్ని పూజకు వదిలేసి తలుపు దగ్గర ఇంకోటి బిగించాడు. ఇక మూట ఎక్కడుందో జానెడు తేడాతో తెలుస్తోంది. గోడకు అటువి అటు, ఇటువి ఇటు. తెర మీద సరుకు సగానికి సగం తగ్గింది. అతను పొంగిపోయి బందరు లడ్డూలు తెచ్చి రామలక్ష్మి చేతిలో పెట్టాడు.

తెర మీద సరుకు తగ్గడం చూసి హైదరాబాదు నుంచి ఉన్నతాధికారి అరుణకుమారి గారు హుటాహుటిన దిగారు. సంఘం ఆవరణలో మైకు పెట్టించి ప్రసంగించారు.

"జ్ఞాపికలు ఇచ్చిన సరుకు ఇది. ప్రభుత్వం పొరపాటున జ్ఞాపికలు ఇవ్వదు. నిన్న ఉన్న సరుకు ఇవాళ లేదంటే, అది నిస్సందేహంగా దొంగతనం!"

శోభనాద్రి గారు లేచి "బావా!" అంటూ ఈశ్వరప్రసాద్ గారిని కావలించుకున్నారు. ఇద్దరూ ఒకే కారులో పోలీస్ స్టేషనుకు వెళ్లి కంప్లయింటు ఇచ్చారు.

పౌరులు దర్యాప్తుకు మనస్ఫూర్తిగా సహకరించారు. మూటలతో లారీ బంటుమిల్లి వైపు వెళ్తుండగా చూశామని కొందరన్నారు. కాదు, ఉయ్యూరు వైపని కొందరు ప్రమాణం చేశారు. లారీ రంగు మీద మాత్రం అందరిదీ ఒకే మాట. సరుకు పోగొట్టుకున్న నేతవారికి సానుభూతితో నూలు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. అయితే ఆ మూటలు మొదట్లో ఉన్నాయని ఇంజనీరు సంతకం చేయాలి.

"అవి అసలు లేనే లేవండీ" అన్నాడు మోహనకృష్ణ.

"లేనివి ఎలా పోతాయయ్యా?" అన్నారు అరుణకుమారి గారు. "పోయాయి కనుక ఉన్నట్టే."

అతను సంతకం చేయకుండా ఇంటికి వచ్చాడు. రామలక్ష్మి గడపలోనే ఎదురొచ్చింది.

"మేం సాక్ష్యం చెప్పొచ్చాం బాబూ. కొన్ని మూటలు నేనే నేశానని చెప్పా. వాటి అంచులు కూడా చెప్పా."

"నేయలేదుగా పిన్నిగారూ!"

"నూలిస్తే నేసేదాన్నేగా?" అని ఆమె తల వంచుకుంది. "మీ సంతకం ఒక్కటే ఆగిందంట. మా మగ్గం ఆడుద్దని చెప్పారు గదా మీరు."

మర్నాడు అతను సంతకం చేశాడు. తన జీవితంలో మొదటిసారి గురి తప్పకుండా చేసిన పనిని తన చేత్తోనే అబద్ధమని రాసిచ్చాడు. వారం తిరగకుండా నూలొచ్చింది. వెనక గదిలో మగ్గం ఆడింది. ఆ చప్పుడు వింటూ అతను చాలాసేపు ముందు గదిలోనే కూర్చుండిపోయాడు.

దొంగలు ఇంతవరకు దొరకలేదు. అన్ని సాక్ష్యాల్లోనూ ఆ మూటలు లేవన్నది తలుపు దగ్గరి రీడర్ ఒక్కటే. దర్యాప్తును తప్పుదోవ పట్టిస్తోందని పోలీసులు దాన్ని ఊడదీసి స్టేషన్‌లో పెట్టారు.

ఇంతకీ ఆ లారీని మీరు చూడలేదంటారా? అయితే మీ మగ్గం ఇంకా ఆగలేదన్నమాట.