భయం లేదని ధ్రువపత్రం

మానవజాతి ఇంతవరకు భయపడిన వస్తువులన్నింటిలోనూ నాలుగంకెల సంఖ్యంత నిరపాయకరమైనది లేదు, అంతమందిని పరుగెత్తించినదీ లేదు.

ఈ సంగతి మా చదరంగ సంఘం పదమూడేళ్ల పరిశీలనలో కనిపెట్టింది. ప్రతి ఆటగాడికీ ఒక రేటింగు ఉంటుంది. అతను ఇంతవరకు ఎలా ఆడాడో అది చెబుతుంది. మా సభ్యులు మాత్రం తమనిప్పుడు ఏం చేయబోతున్నాడో చెబుతుందనుకుంటారు. ఎవరితో ఎవరు ఆడాలో గోడకు పట్టిక అంటించగానే, ఎదుటివాడి పేరు పక్కన రెండువేలు దాటిన అంకె కనబడితే సగంమందికి కాళ్లూ చేతులూ ఆడవు. కిందటేడు ఒక పోస్టుమాస్టరు ఖాళీ కుర్చీకెదురుగా నలభై నిమిషాలు చెమటలు కక్కి, ఓటమి ఒప్పుకుని సంతకం చేసి వెళ్లాడు. (ప్రత్యర్థి ఆ రోజు రాలేదు. రేటింగు వచ్చింది, అది చాలింది.)

దీన్ని అరికట్టడానికి సంఘం రేటింగు భయ నివారణాధికారి అనే పదవిని సృష్టించి, మెట్ల కింద గది ఇచ్చింది. ఆయన వచ్చీరాగానే ఏడో నిబంధన తెచ్చాడు. తమకంటే మూడువందలు పైనున్నవారితో ఆడేవారు తమకు భయం లేదని ధ్రువపత్రం తేవాలి. దానిమీద సంతకం పెట్టేవాడి రేటింగు ఆ ప్రత్యర్థి రేటింగుకు తగ్గకూడదు. (తక్కువవాడు పెడితే, పెట్టేవాడికే భయం ఉండొచ్చు కదా.)

ప్యాంట్లు పొట్టి చేసే టైలరమ్మ వ్యవహారం ఇక్కడే మొదలైంది. ఆమె రేటింగు 1186. ఐదుగురు ఆడే మా జట్టులో ఆరేళ్లుగా ఆమె ఆరో మనిషి, అంటే బ్యాగులకు కాపలా. ఈసారి ఎంపిక పోటీల్లో చివరి ఆట గెలిస్తే ఐదో కుర్చీ ఆమెది. (ప్రస్తుతం అందులో ఉన్నది నేనే. అయినా నిష్పక్షపాతంగానే రాస్తున్నాను.) ఆ చివరి ఆట పళ్ల డాక్టరుతో పడింది. ఆయనది 2094. సంఘంలో ఆయన పైన ఎవరూ లేరు.

“సంతకం ఎవరిచేత పెట్టించాలి సార్?” అని ఆమె అధికారిని అడిగింది.

“డాక్టరుగారి రేటింగుకు తగ్గనివాళ్లు ఎవరైనా పెట్టొచ్చమ్మా.”

“అలాంటివారు ఆయనొక్కరే ఉన్నారండి.”

అధికారి నిబంధనల పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పాడు. “ఆయన ఆయనకు తగ్గరు కదా. వెళ్లి పెట్టించుకురామ్మా.”

టైలరమ్మ మెడలో టేపుతోనే క్లినిక్కుకు వెళ్లింది. డాక్టరుగారి రెండు చేతులూ ఒక పెద్దమనిషి నోట్లో ఉన్నాయి.

“ఏంటమ్మా ఇది?”

“మీరంటే నాకు భయం లేదని కాగితం, డాక్టరుగారూ. ఇక్కడ ఒక్క సంతకం.”

“నిజంగా లేదా?”

“లేదండి.”

“ఎందుకని?”

“ఆ అంకె మీరు వేరేవాళ్లతో ఆడిన ఆటలకు వచ్చింది. నాతో మీరింకా ఆడలేదుగా.”

డాక్టరుగారు చేతులు కడుక్కుని సంతకం పెట్టారు. ఆయన్ను చూసి భయపడడంలేదని ఇంతవరకు ఎవరూ రాసివ్వలేదు. (కుర్చీలోని పెద్దమనిషి ఏదో చెప్పబోయాడు గానీ, నోట్లో దూది ఉన్నందువల్ల అతని అభిప్రాయం నమోదు కాలేదు.) ఆ రోజంతా ఆయన మనసు మనసులో లేదు. మర్నాడు పొద్దున్నే మెట్ల కింద గదికి వచ్చారు.

“తక్కువ రేటింగువాళ్లంటే భయం వేస్తే ఏ ఫారం నింపాలండీ?”

“అలా భయపడడానికి మనకు ఏర్పాటు లేదు సార్.”

చేసేది లేక అనుమతి లేని భయంతోనే ఆటకు కూర్చున్నారు. తొమ్మిదో ఎత్తుకే, సమానంగా ముగిద్దామా అన్నారు. “గెలిస్తేనే కుర్చీ అండి” అని టైలరమ్మ గుర్రాన్ని ముందుకు జరిపింది. తొందర లేకుండా, కుట్టు పక్కన కుట్టు వేసుకుంటూ పోయింది. ముప్ఫై ఒకటో ఎత్తుకు డాక్టరుగారి మంత్రి మూలలో ఇరుక్కుంది, ఆయన ఓటమి ఒప్పుకుని చెయ్యందించారు. నా కుర్చీ పోతోందని తెలిసీ నాకు భలే సంతోషం వేసింది.

అయితే పంతొమ్మిదో నిబంధన ప్రకారం, ఓడినవారు కారణం తెలిపితేగాని పాయింటు జమ కాదు. ఫారంలో కుర్చీ, తలనొప్పి, వెలుతురు అని మూడు గడులున్నాయి. “ఎదుటివారు బాగా ఆడారని ఎక్కడ రాయాలి?” అని డాక్టరుగారు నిజాయితీగానే అడిగారు. అలాంటి గడి లేదన్నాడు అధికారి. ఆయన వెలుతురు దగ్గర టిక్కు పెట్టారు. ఆ ప్రకారం పాయింటు ఆ బల్లపైనున్న ట్యూబ్‌లైటుకు జమ అయింది. తొలి ఆటలోనే 2094ను ఓడించినందుకు దానికి 2100 రేటింగు ఇచ్చి, ఐదో కుర్చీకి ఎంపిక చేశారు.

టైలరమ్మ ఊరుకోలేదు, అప్పీలు చేసింది. అధికారి రెండు రోజులు ఆలోచించి, కుర్చీ కావలసినవాళ్లు ట్యూబ్‌లైటుతో ఆడి తేల్చుకోవాలన్నాడు. ఆమెకు శనివారం, నాకు ఆదివారం వచ్చాయి. (ధ్రువపత్రం మాత్రం అడగలేదు. ట్యూబ్‌లైటుకు సంతకం రాదు.)

శనివారం ఆమె ట్యూబ్‌లైటు కింద కూర్చుని, బంటు జరిపి, గడియారం నొక్కింది. గంటన్నరసేపు ఒక ప్యాంటు అంచు కుట్టుకుంది. ట్యూబ్‌లైటు ఒక్క ఎత్తూ వేయలేదు. సమయం అయిపోయి అది ఓడిపోయింది.

ఆదివారం పొద్దున నేనూ బయలుదేరాను. దారిలో ఫోను తీసి జతల పట్టిక చూశాను. దాని పేరు పక్కన, ఓడిన తర్వాత కూడా, ఇంకా 2061 ఉంది. వెంటనే ఫోన్ చేసి ఓటమి ఒప్పుకున్నాను.