తుప్పు నిర్మూలన

1961 ఆగస్టు పదో తేదీ ఉదయం బందరులో ఒక లారీకి తుప్పు వదిలింది.

అది యుద్ధకాలపు మిలటరీ లారీ. పార్టీ తన మొదటి ఎన్నికల ప్రచారం దానిమీదే చేసింది. తర్వాత సముద్రపు గాలికి వదిలేసింది. దాన్ని బాగుచేయించి మళ్లీ ఊరేగిస్తే అవనిగడ్డ టిక్కెట్టు తనకే వస్తుందని తాతారావుగారు నమ్మారు. ఆ టిక్కెట్టు కోసం ఆయన అప్పటికే రెండు ఎన్నికలు ఆగి ఉన్నారు.

"తుప్పు పైపైనేనండీ, గీకేశాను," అన్నాడు మెకానిక్ ఇమామ్ సాహెబ్. "సాయంత్రంలోగా రెడ్ ఆక్సైడ్ రంగు పూసెయ్యాలి. ఇది బందరు గాలి. గీకిన రేకును ఊరికే ఉండనివ్వదు."

"మొదటి బ్రష్షు మంత్రిగారు వేస్తే వార్త మొదటి పేజీలో పడుతుంది," అన్నాను నేను. విలేకరిని కాబట్టి పత్రికల సంగతి నాకు తెలుసు. ఇనుము సంగతి నన్నెవరూ అడగలేదు.

తాతారావుగారు ముహూర్తం పెట్టించారు. "తుప్పు నిర్మూలన పూర్తి" అని నేను వార్త పంపాను. ముహూర్తం రోజున మంత్రిగారికి గుడివాడలో సన్మానం జరిగింది. బందరు రాలేదు. వారం తిరిగేసరికి లారీ ఎర్రబడింది.

"రెడ్ ఆక్సైడ్ అప్పుడే పూసేశావా?" అన్నారు తాతారావుగారు, కంగారుగా.

"నేను కాదండీ. దేవుడు పూశాడు."

మళ్లీ గీకారు. "రెండో దశ తుప్పు నిర్మూలన విజయవంతం" అని రాశాను. మంత్రిగారు ఢిల్లీ వెళ్లారు. మూడో దశ వార్త చదివి మా ఎడిటరుగారు, నాకు ఇన్నాళ్లకు అభివృద్ధి వార్తలు రాయడం వచ్చిందని మెచ్చుకున్నారు.

నాలుగోసారి ఇమామ్ సాహెబ్ తుప్పు గీకే ఇనప తీగల బ్రష్షు కింద పెట్టేశాడు.

"బానెట్టు రేకు పలచబడిపోయిందండీ. ఈసారికి రంగు వేసేద్దాం."

"రంగు మనమే వేసేస్తే ఆయన దేనికి రావాలయ్యా? గీకు."

గీకాడు.

నవంబరులో మంత్రిగారు నిజంగానే వచ్చారు. అంతా అయ్యాక రాస్తే కవరుకు బస్సు అందదని నేను వార్త ముందే పంపేశాను: "అమాత్యులు తొలి బ్రష్షు వేశారు. లారీ దృఢత్వాన్ని కొనియాడారు."

తాతారావుగారు బ్రష్షు అందించారు. మంత్రిగారు పుచ్చుకోలేదు.

"ముందు కొబ్బరికాయ కొట్టొద్దుటయ్యా?"

"టైరు దగ్గర రాయి పెట్టానండీ, దానిమీద కొట్టండి," అన్నాడు ఇమామ్ సాహెబ్.

"రాయి మీద కొడితే ఫొటోలో లారీ పడదండీ," అన్నాను నేను.

మంత్రిగారు బానెట్టు వైపు చూశారు. "బండి గట్టిదేనా తాతారావ్?"

"నా టిక్కెట్టంత గట్టిదండీ."

మంత్రిగారు బానెట్టు మీదే కొట్టారు. చెయ్యి మణికట్టు దాకా లోపలికి వెళ్లి, ఖాళీగా పైకి వచ్చింది.

ఇమామ్ సాహెబ్ బానెట్టు ఎత్తి, ఇంజను పక్కనుంచి కొబ్బరికాయ తీసి తాతారావుగారి చేతికిచ్చాడు.

కాయ పగల్లేదు.