గేవర్‌చంద్ మంచం దిగింది

ఆ ఉదయం గేవర్‌చంద్ థాన్వీ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి, మేడ మీద ఎండకు పడి ఉన్న నులక మంచాన్ని దింపి, బజారు చివర నూరాఖాన్ చేత అల్లించుకుని, మధ్యాహ్నం సజ్జరొట్టెల వేళకు ఇల్లు చేరడం. ఆ చిన్న పథకం కూడా ఆయనది కాదు, భార్య ఝమకూదేవిది.

"పెసర వడియాలు ఎత్తేశాను. ఇక మంచం దింపండి. నులక జారి నేలకు ముద్దులు పెడుతోంది," అందావిడ మోకాలు రుద్దుకుంటూ.

"ఇవాళేనా? రేపు ఓట్ల లెక్కింపు. బజారంతా జనం!"

"బజారుతో మీకేం పని?"

ఆ ప్రశ్న వయసు ఇరవై ఏళ్లు. ఫలోదీ అంటేనే ఫలితం కంటే ముందు ఫలం చెప్పే ఎడారి ఊరు. రాష్ట్రంలో ఎన్నికలొస్తే ఏ పార్టీకి ఎన్ని సీట్లు, ఎవరు ఒకటి, ఎవరు రెండు, ఎవరు మూడు అని అరుగుల మీద కూర్చుని రేట్లు కడతారు. రేటు ఎంత పడితే గెలుపు అంత ఖాయం. ఇప్పుడు అరుగు మీద మనిషికి నాలుగు ఫోన్లు. ఆ రోజుల్లో మనిషికి ఒక పలక, ఊరందరికీ ఒకటే ఆకాశం. ఎన్నికలు ఐదేళ్లకోసారి వచ్చేవి, మబ్బులు ఆ మాత్రం నమ్మకంగా కూడా వచ్చేవి కావు. అందుకని వాన మీదే పందెం. పందేనికి గీటురాయి గేవర్‌చంద్ మేడ తూము. పారిందా, ఒకరు నెగ్గారు, పారలేదా, ఇంకొకరు. సందంతా మెడలెత్తి నిలబడేది. తూము తొలి ధార కింద తడిసిన ఇసుక వాసన వేస్తే ఓడినవాడు కూడా కళ్లు మూసుకుని పీల్చేవాడు. ఎందుకో గాని, గేవర్‌చంద్ మేడ మీంచి మంచం దించితే మర్నాటికల్లా వాన తప్పేది కాదు. ఆయన మంచం దిగితే వాన ఖాయమని పలకల మీది రేట్లు తుడిచేసేవారు.

ఆ కీర్తి నెత్తికెక్కి ఆయన ఒకసారి ఎన్నికల మీద పందెం కట్టాడు. పార్టీ ఓడింది, ఝమకూదేవి వెండి కడియాలు డిపాజిట్ కోల్పోయాయి. అప్పుడావిడ భర్త చేతిని తన నెత్తిన పెట్టించి ఒట్టు వేయించింది. "మళ్లీ పందెం కట్టినా, బజారు రేట్లలో మీ పేరు వినబడినా, బికనీర్ మా అన్న ఇంటికి బస్సెక్కుతాను. రానుపోను టిక్కెట్టు కాదు, పోను టిక్కెట్టే!"

సరే, మంచం నాలుగు కాళ్లూ ఆకాశానికి దణ్ణం పెడుతుండగా గేవర్‌చంద్ దాన్ని నెత్తిన పెట్టుకుని బజారులోకి దిగాడు. ఆయన మరిచిపోయిన సంగతి ఒక్కటే. ఈసారి బరిలో మూడు పార్టీలు. జల్లెడ గుర్తుది మొదటి స్థానం అంటున్నారు, కూజాది రెండు. అట్టడుగున కునుకు తీస్తున్న మూడోదాని గుర్తు మంచం.

అరుగు మీద కుర్ర బుకీ పుఖ్‌రాజ్ నాలుగు ఫోన్లూ ఒకేసారి చెవులకు దూరం చేసి బాబాయి వరసతో పిలిచాడు. "కాకోసా! మంచం నెత్తికెక్కించారేంటి?"

"నోర్మూసుకుని నీ పని చూసుకోరా!"

"విన్నారా? నోర్మూసుకోమన్నారు," అన్నాడు పుఖ్‌రాజ్ గొంతు తగ్గించి. "అంటే విషయం ఉంది!"

గేవర్‌చంద్ చిన్ననాటి నేస్తం మాంగీలాల్ వ్యాస్ మాత్రం ఫోన్ల వంక చూడలేదు. మంచాన్ని చూశాడు, ఆకాశాన్ని చూశాడు, చెప్పులు వేసుకుని తనలాంటి ముసలాళ్ల కోసం వెళ్లాడు.

నూరాఖాన్ మంచం తిరగేసి, "ఎన్ని వరసలు వెయ్యమంటావు సేఠ్?" అనడిగాడు.

"ఇరవై రెండు. ఒక్కటి తగ్గినా మా ఇంట్లో ఊరుకోరు."

వెనకే వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు వెనక్కి చూడకుండా పరుగెత్తారు. పది నిమిషాల్లో మంచం పార్టీకి ఇరవై రెండు సీట్లు, రెండో స్థానం! మనిషి మంచం పట్టడం ఎరుగుదుం, ఆ పూట ఊరు ఊరంతా మంచం పట్టింది. రేటు నులకలాగే జారిపోయింది.

గేవర్‌చంద్‌కు సంగతి తెలిసి చెమటలు పోశాయి. మిఠాయి కొట్టు బల్ల ఎక్కి అరిచాడు. "బాబూ, నా మంచానికీ ఆ మంచానికీ ఏ సంబంధమూ లేదు!"

"చూశారా, సంబంధం లేదట!" పుఖ్‌రాజ్ ఎగిరి గంతేశాడు. "పొత్తు లేకుండా సొంతంగానే వస్తున్నారు!"

రేటు ఇంకా పడింది. గేవర్‌చంద్ అల్లిక పూర్తి కాకుండానే మంచం లాక్కుని ఇంటికి బయలుదేరాడు. మంచం ఇల్లు చేరుతోందంటే మంత్రివర్గంలోకి చేరుతోందని ఇంకొకడు అర్థం చెప్పాడు.

ఇంటి దగ్గర డోలు మోగుతోంది. మంచం పార్టీ అభ్యర్థి ఖేత్‌సింగ్ గజమాలతో వచ్చి ఝమకూదేవి కాళ్ల మీద పడి ఉన్నాడు. "కాకీసా! మీ ఇంటి మంచం మమ్మల్ని లేపి కూర్చోబెట్టింది!"

"బజారులో ఎవరి పేరు చెప్పుకుంటున్నారు నాయనా?" అంది ఆవిడ చాలా మెత్తగా.

"ఇంకెవరి పేరు? గేవర్‌చంద్ రేటనే అంటున్నారు!"

ఆవిడ లోపలికి వెళ్లింది. అటక మీంచి ట్రంకుపెట్టె దిగిన చప్పుడు గేవర్‌చంద్‌కు డోలు మోతలోంచి కూడా వినబడింది.

మర్నాడు పొద్దున ఓట్లు లెక్కపెట్టారు. జల్లెడ ఒకటి, కూజా రెండు. మంచం పార్టీకి వచ్చినవి రెండంటే రెండు సీట్లు, దక్కింది ఆ మూడో స్థానమే. పది గంటల బస్సు కోసం ఝమకూదేవి పెట్టెతో గడపలో నిలబడింది. గేవర్‌చంద్ పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. అంతలో పుఖ్‌రాజ్ దండు వచ్చి పడింది.

"ఇరవై రెండన్నావుగా కాకోసా! ముంచావు గదయ్యా!"

"అవి వరసలురా! నులక వరసలు!"

"వరసలు కలపకు! మా..."

పుఖ్‌రాజ్ ముక్కు మీద ఒక చుక్క పడింది. ఫోన్లు నాలుగూ ఎండే అంటున్నాయి. రెండో చుక్క ఫోను మీదే పడింది. చలికాలపు వాన, ఒక్క ఉరుమైనా లేకుండా, దబదబా దిగింది. మేడ తూము ముందు దగ్గింది. తర్వాత ఒక పిచ్చుక గూడు ఉమ్మింది. ఆ తర్వాత, ఎన్నో ఏళ్ల కిందటిలాగే, లావుపాటి ధారగా పారింది. పోట్లాడడానికి ఎత్తిన చేతుల్ని పుఖ్‌రాజ్ అలాగే తిప్పి దోసిలి పట్టాడు.

సందు మలుపులోంచి మాంగీలాల్, ఆయన వెనక అరడజను ముసలాళ్లు, చెప్పులు చేతపట్టుకుని తడుస్తూ వచ్చారు. "మంచం దిగితే వాన! పాత పద్ధతిలో కట్టాం, నెగ్గాం!" అంటూ తూము కింద తలలు పెట్టారు. ఇసుక వాసన లేచింది. కాసేపు ఎవరికీ ఎన్నికలు గుర్తులేవు.

మాంగీలాల్ నేస్తం భుజం పట్టుకున్నాడు. "నిన్న మబ్బు తునకైనా లేదు కదరా, ఎలా కనిపెడతావు గేవర్?"

గేవర్‌చంద్ ట్రంకుపెట్టె వైపు చూశాడు. నలభై ఏళ్ల కీర్తిని ఒక్క గుటకలో మింగేశాడు.

"నేనెప్పుడు కనిపెట్టాను? వానకు ముందు ఆవిడ మోకాలు సలుపుతుంది. మంచం దింపమంటుంది. దింపుతాను. మొదటి నుంచీ నా ఉద్యోగం అదే." తర్వాత భార్య వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "కాబట్టి బజారులో నలిగింది నా పేరు కాదు. నీ మోకాలు."

ఝమకూదేవి పెట్టె కింద పెట్టింది. అంతలో పక్క మేడ మీంచి మాంగీలాల్ భార్య సుగ్నీ కేక. "గెలిచావే ఝమకూ! తూము పారదన్నాను, పారింది. ఇదిగో నీ డబ్బా నెయ్యి!"

గేవర్‌చంద్ నోరు తూములా తెరుచుకుంది. "నువ్వా? పందెమా? మరి ఒట్టు?"

"ఒట్టు వేసింది మీ చెయ్యి," అంది ఆవిడ డబ్బా అందుకుంటూ. "నా తల ఊరికే దాని కింద ఉంది."

మర్నాటి నుంచి బజారులో గేవర్‌చంద్‌ను ఎవరూ ఎలా ఉన్నావని అడగలేదు, ఇంట్లో మోకాలు ఎలా ఉందని అడిగారు.